పళ్ళెంలో రెండు నదులు

జూన్ 28, బుధవారం

ఉదయం ఆరింటికి ఫోను. "ఒకటి పాయింట్ ఆరు, మేడమ్." పెట్టేశాడు.

ఆరేళ్ళుగా ఇంతే. ఎగువన చిన్న నది నీళ్ళలో పాతిన కొలకర్ర చూస్తాడు, మా వరద హెచ్చరిక ఆఫీసుకు ఫోను చేసి అంకె చెబుతాడు, పెట్టేస్తాడు. నేను రిజిస్టర్లో రాసుకుంటాను. వాడు నా తోడబుట్టినవాడన్న సంగతి ఆ రిజిస్టర్లో ఏ గడిలోనూ లేదు. ఉండక్కర్లేదు కూడా.

తమ్ముడి గురించి రాయకూడదనుకునే ఈ పుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే రాసేశాను. సరే, ఇక రాయను.

అసలు సంగతి వేరే. పెద్దసారు పిలిచి ఒక ఫైలు చేతిలో పెట్టారు. దిగువ వీధి బడికి ఇంకో ఆరు గదులు కడతారట. ఆరేళ్ళ కిందట ఆ పచ్చిక మైదానంలో బడి కట్టుకోవచ్చని, వరద భయం లేదని నివేదిక ఇచ్చింది మా ఆఫీసే. "కొత్తగా ఏం చెయ్యక్కర్లేదమ్మా. పాతదానికి తేదీ మార్చి సంతకం పెట్టెయ్. వచ్చే నెలాఖరుకి ఇస్తే చాలు" అన్నారు.

అది నేను రాసిన నివేదికే. అరగంట పని.

జూన్ 30, శుక్రవారం

చిన్నది 1.7. పెద్దది 4.0.

నివేదిక చదివాను. పదకొండు పేజీలు, ఒక్క అక్షరం తప్పు లేదు. చదువుతుంటే ఇంత తెలివైనదాన్నా అని నాకే ముచ్చటేసింది.

ప్రాణమంతా ఏడో పేజీలో ఉంది. మా ఊరి దగ్గర రెండు నదులు కలుస్తాయి. ఏ ఒక్కటి పొంగినా మైదానంలోకి నీళ్ళు రావు. పెద్దది ఏడు మీటర్లు, చిన్నది నాలుగు మీటర్లు, రెండూ ఒకే రోజు దాటితేనే వస్తాయి. పెద్దది దాటేది నూరు రోజులకొకటి. చిన్నది దాటేది నూట ఇరవై రోజులకొకటి. రెండూ కలిసి దాటాలంటే గుణించడమే, పన్నెండు వేల రోజులకొకటి. వానాకాలం ఏడాదికి నూట ఇరవై రోజులు కాబట్టి వందేళ్ళకోసారి.

ఆ పేజీ పక్కన పెన్సిల్ రాతను రబ్బరుతో చెరిపిన మచ్చ ఉంది. కాగితం అక్కడ పల్చబడింది. ఆ రాత నాది కాదు. దాని సంగతి తర్వాత.

గుణించాను సరే. గుణించాలంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి పొత్తు లేనివై ఉండాలి. మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలిసిన నియమం. పొత్తు లేదని ఎక్కడ చూశాను? మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను. చూసినట్టు గుర్తు లేదు.

జూలై 3, సోమవారం

రిజిస్టర్లు తీయించాను. పెద్దదానివి మా గదిలో, చిన్నదానివి ఎదురు గదిలో. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏడాది చివర అంకెలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా దించి రాస్తాం. అలా రాస్తే ఏ మట్టం ఎన్నిసార్లు దాటిందో వేలు పెట్టి చూపించొచ్చు. తేదీల గడి తీసేస్తాం, వరస మారాక తేదీతో పనేముంది అని.

ఏ రోజున పెద్దది ఎంత ఉందో, అదే రోజున చిన్నది ఎంత ఉందో, ఆ రెండు రిజిస్టర్లూ చెప్పలేవు. ఇరవై రెండేళ్ళుగా రెండు నదుల్నీ ఎంత శ్రద్ధగా విడదీశామో.

రోజువారీ కాగితాలు ఉన్నాయా అని రికార్డు గది గుమాస్తాని అడిగాను. పెద్దదానివి ఉన్నాయన్నాడు. కుర్చీ ఎత్తు చాలక కింద వేసుకుని కూర్చుంటున్నాడు, మనిషి లేస్తే బయటపడ్డాయి. చిన్నదానివో అంటే కాసేపు నీళ్ళు నమిలాడు.

"నాలుగేళ్ళ కిందటే తూకానికి వేసేశాం కదా మేడమ్. చోటు చాలడం లేదని మీరే సంతకం పెట్టారు."

పెట్టాను.

జూలై 5, బుధవారం

చిన్నది 1.9. పెద్దది 4.4. అంకె, మేడమ్, టక్.

కాలేజీలో మా లెక్కల మేడమ్ రెండు చలరాశుల పాఠాన్ని బల్ల మీద గింజలు పేర్చి చెప్పేవారు. "కాగితం మీద సూత్రం ఎవరైనా రాస్తారు. చేత్తో పేర్చినవాళ్ళు మర్చిపోరు" అనేవారు. ఆఫీసు కంప్యూటర్‌కి ఇస్తే క్షణంలో బొమ్మ గీస్తుంది. కానీ ఏడో పేజీని కూడా క్షణంలోనే చేశాను కదా.

మా ఆయన త్రాసులు బాగుచేస్తాడు. ఆయన కొట్లోంచి ఒక పెద్ద చదరపు చెక్క పళ్ళెం, త్రాసు పెట్టెల్లో పరిచే ఆకుపచ్చ బొచ్చుగుడ్డ తెచ్చుకున్నాను. గుడ్డ పరిస్తే ఆవగింజ దొర్లదు. ఎడమ నుంచి కుడికి చిన్న నది మట్టం. కింది నుంచి పైకి పెద్ద నది మట్టం. ఒక రోజుకి ఒక గింజ. ఇరవై రెండు వానాకాలాలు, రెండు వేల ఆరువందల నలభై గింజలు.

ఆయన వచ్చి చూసి, "ఆవాలు ఎండబెడుతున్నావా?" అన్నాడు.

"నదులు పేరుస్తున్నాను."

"పేర్చు. వంటకి నాలుగు గింజలు మిగుల్చు" అని కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాక చూస్తే ఆయనా పట్టకారుతో పేరుస్తున్నాడు.

జూలై 9, ఆదివారం

మొదటి పళ్ళెం పూర్తయింది. తేదీలు లేవు కాబట్టి రెండు నదుల అంకెల్నీ చీటీల మీద రాసి, రెండు డబ్బాల్లో వేసి కలిపి, అందులోంచి ఒకటి ఇందులోంచి ఒకటి తీసి జత కట్టాం. నునుపైన గుండ్రటి దిబ్బ వచ్చింది. రెండూ మామూలుగా ఉండే మట్టాల దగ్గర ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పల్చగా. కుడివైపు పై మూల, అంటే నాలుగూ ఏడూ రెండూ దాటిన చోటు, అక్కడ ఆకుపచ్చ గుడ్డ తప్ప ఏమీ లేదు.

ప్రాణం కుదుటపడింది. పాత నివేదిక నిజమే.

"చూశావా, మూల ఖాళీ" అన్నాను.

"చీటీలు తీసింది మనం కదా" అన్నాడాయన. "నదులు తీయలేదుగా?"

ఈ మనిషికి లెక్కలు రావు. రాకపోవడం వల్ల ఎంత ఇబ్బందో.

జూలై 11, మంగళవారం

చిన్న నది రోజువారీ అంకెలు ఇంకొక్క చోట ఉన్నాయి. కొలకర్ర దగ్గర చేరిన మొదటి రోజు నుంచీ వాడు సొంతంగా నోటు పుస్తకాలు రాసుకుంటాడు. ఏడాదికొకటి.

ఆఫీసు పద్ధతిలో ఉత్తరం పంపాను. "తమ వద్దనున్న వివరములు కార్యాలయమునకు అందజేయవలసినదిగా కోరడమైనది." కింద నా హోదా, ముద్ర. ఇందులో సొంత విషయం ఏమీ లేదు.

జూలై 14, శుక్రవారం

జవాబు వచ్చింది. "సదరు పుస్తకములు నా స్వంత ఆస్తి. కార్యాలయమునకు చెందినవి కావు. ఇట్లు, తమ విధేయుడు."

ఆయన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒకే కడుపున పుట్టారని ఎవరికీ అనుమానం రాదు" అన్నాడు.



జూలై 15, శనివారం

కూరగాయలకి దిగువ వీధికి వెళ్ళాను. అక్కడ తాజాగా ఉంటాయి. బడి వదిలే వేళయింది, అది నేను చూసుకుని వెళ్ళలేదు. తమ్ముడి ఇల్లు ఆ వీధిలోనే. మేనకోడలు గేటు దగ్గర ఒంటికాలి మీద గెంతుతోంది. ముందు పళ్ళు రెండు ఊడాయి. ఎనిమిదేళ్ళు. నా ఒళ్ళో కూర్చున్నప్పుడు రెండేళ్ళు.

పలకరించలేదు. ఏ ముఖం పెట్టుకుని పలకరించను?

జూలై 16, ఆదివారం

వెళ్ళాను. కొలకర్ర దాకా బస్సులో గంట.

గట్టు మీద ఒక్క గది. మంచం, బల్ల, రేడియో, కిటికీలోంచి నది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. నలభై రెండేళ్ళకే.

"కూర్చోండి మేడమ్" అన్నాడు.

కూర్చున్నాను. దారి పొడుగునా కట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. పుస్తకాలు కావాలన్నాను, ఎందుకో చెప్పాను. గుణించానని, చూసుకోకుండా గుణించానని చెప్పాను. వాడు కిటికీ వైపే చూస్తున్నాడు.

ఆరేళ్ళ కిందట ఆ నివేదిక సిద్ధమైనప్పుడు వీడు బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చాడు. ఏడో పేజీ పక్కన పెన్సిల్‌తో రాశాడు. "పడమటి గాలి వస్తే రెండూ కలిసే పొంగుతాయి. మైదానంలో నీళ్ళు నేను చూశాను." నేను పదిమంది ముందు నవ్వాను. "మైదానంలో నిలిచేవి వాననీళ్ళు. నువ్వు కర్ర చూసి అంకె చెప్పు చాలు, లెక్క మేం చూసుకుంటాం" అన్నాను. వాడు వెళ్ళాక రబ్బరు తీసుకున్నాను.

ఇదీ ఆ మచ్చ. రాశాను.

"అంత నమ్మకం ఉన్నవాడివి, పిల్లని ఆ బడిలో ఎందుకు చేర్చావురా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఆశ్చర్యంగా చూశాడు. "మీరు సంతకం పెట్టారుగా మేడమ్. వందేళ్ళకోసారని."

నన్ను దెప్పడానికి అనలేదు. నిజంగానే నమ్మాడు. తన కళ్ళతో చూసినదాన్ని పక్కనపెట్టి నా లెక్కని నమ్మాడు. బస్సులో తిరిగొస్తూ ఆ మాటే.

ఇరవై రెండు పుస్తకాలు. బియ్యం సంచిలో పెట్టి, మూతి కట్టి, బస్సు దాకా మోసుకొచ్చాడు. "తడవనివ్వకండి" అన్నాడు.

జూలై 17, సోమవారం

సెలవు పెట్టాను. పుస్తకాలు చదువుతున్నాను. రోజుకొక వరస. తేదీ, మట్టం, గాలి ఎటు నుంచి. ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. పెళ్ళి రోజున కూడా ఉంది, "2.2, గాలి లేదు."

ఆరేళ్ళ కిందటి పుస్తకం చివరికి ఉంచుకున్నాను. వాడు మా ఆఫీసుకొచ్చిన రోజు. "1.9. గాలి లేదు. అక్క దగ్గరికి వెళ్ళొచ్చాను."

మర్నాడు. "2.0. గాలి లేదు. మేడమ్‌కి చెప్పాను."

ఇవాళ్టికి చాలు.

జూలై 22, శనివారం

ఇది జాగ్రత్తగా రాయాలి. 

రెండో పళ్ళెం నాలుగు రోజులు పేర్చాం. ఈసారి చీటీలు లేవు. ఉదయం చిన్నది ఎంత, అదే రోజున పెద్దది ఎక్కినంత ఎత్తు ఎంత. వాడి పుస్తకం, గుమాస్తా కూర్చున్న కాగితాలు, తేదీకి తేదీ.

మొదటి రెండు రోజులూ ఏమీ తెలియలేదు, ఒక్కో గింజ ఒక్కో చోట పడుతోంది. మూడో రోజు మధ్యాహ్నానికి ఆయన పట్టకారు పక్కన పెట్టి, "ఇదేదో సాగుతోందే" అన్నాడు. లేచి నిలబడి చూశాను. గుండ్రటి దిబ్బ కాదు. ఎడమ కింది నుంచి కుడి పైకి ఏటవాలుగా ఒక గట్టు లేస్తోంది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఖాళీగా ఉండాల్సిన ఆ మూలలోకి తిన్నగా వెళ్ళింది. 

గింజలు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో ఎక్కడ పల్చగా ఉన్నాయో, ఆ ఒత్తునే ఉమ్మడి సాంద్రత అంటాం. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వాడుతున్నాను. ఇవాళే చూశాను.

ఇంకొకటి. మొదటి పళ్ళెంలో గింజల్ని స్కేలుతో కింది అంచుకి తోసినప్పుడు చిన్న నది ఒక్కదాని కథ వచ్చింది. పక్క అంచుకి తోస్తే పెద్దదాని కథ. ఆ రెండు కుప్పల ఎత్తులూ కాగితం మీద గీసి ఉంచాను. ఈ పళ్ళేన్ని తోయడానికి మనసొప్పక, నిలువు వరసలూ అడ్డు వరసలూ లెక్కపెట్టి అదే కాగితం మీద గీశాను. ఒక్క గింజ తేడా లేదు. తేడా ఉండదని నాకు తెలుసు, అవే అంకెలు కదా. అయినా నోరు తెరుచుకుని చూశాను. ఒకటి దిబ్బ, ఒకటి గట్టు. అంచుల నుంచి చూస్తే రెండూ ఒక్కటే.

మా ఆఫీసు ఇరవై రెండేళ్ళు అంచుల దగ్గర నిలబడి చూసింది. దేని సంగతి దాన్ని అడిగితే రెండు నదులూ నిజమే చెప్పాయి. రెండింటినీ కలిపి ఎవరూ అడగలేదు.

విడివిడిగా చూస్తే నేనూ తమ్ముడూ కూడా బాగానే ఉన్నాం. ఎవరు అడిగినా అలాగే చెబుతాం.

జూలై 23, ఆదివారం

మూల గింజల్ని తూచాం. నగల కొట్లవాళ్ళు బాగుచేయమని ఇచ్చిన సన్న త్రాసు మీద. మొత్తం గింజల బరువుని ఒకటి అనుకుంటే, మూలలో ఉన్నది అందులో ఎంత భాగమో అంతే దాని సంభావ్యత. త్రాసు ముల్లు కదిలింది. కదలకూడదు. నా నివేదిక ప్రకారం అక్కడ గింజలో నాలుగో వంతు కూడా ఉండకూడదు.

తొమ్మిది గింజలున్నాయి.

ఆ తొమ్మిది రోజులూ పుస్తకాల్లో వెతికాను. అన్నీ బడి కట్టక ముందువి. అన్నింటి ఎదుటా "పడమటి గాలి" అని ఉంది. నాలుగు చోట్ల "ఇంటికెళ్తూ చూశాను, మైదానంలో ఎర్రనీళ్ళు, నది నీళ్ళే" అని ఉంది. బడి కట్టాక ఆరేళ్ళూ వానలు తక్కువ. ఆ ఆరేళ్ళనీ నా నివేదికకి సాక్ష్యం అనుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.

ఇక అన్నిటికంటే భయం వేసినది. చిన్నది నాలుగు దాటిన రోజుల్ని మాత్రమే చూద్దామని మిగతా పళ్ళెమంతా గుడ్డతో కప్పేశాను. ఇరవై రెండు గింజలు మిగిలాయి. ఇప్పుడు లోకమంతా ఆ ఇరవై రెండే. వాటినే ఒకటి అనుకోవాలి. వాటిలో తొమ్మిది మూలలో ఉన్నాయి. అంటే ఉదయం ఫోనులో నాలుగు దాటిన అంకె వినబడితే, ఆ రోజు మైదానంలోకి నీళ్ళు వచ్చే అవకాశం నూటికి ఒకటి కాదు. నూటికి నలభై.

ఆ అంకె వినేది నేను. చెప్పేది వాడు.

జూలై 24, సోమవారం

పెద్దసారుకి అంతా చెప్పాను. పళ్ళెం ఫొటో కూడా చూపించాను. చాలాసేపు చూశారు.

"ఆవాలు చూపించి ఆరు గదులు ఆపమంటావా?"

"ఆరు గదులు కాదు సార్. ఉన్న బడిని కూడా ఎత్తు నేలకి మార్చాలి. అప్పటిదాకా చిన్నది నాలుగు దాటిన రోజు బడి మూసెయ్యాలి."

"రూలు ప్రకారం రెండు మట్టాలూ దాటాకే సైరన్."

"రెండూ దాటాక సైరన్ మోగిస్తే పిల్లలు నీళ్ళలోంచి వింటారు సార్."

ఆయన చెడ్డవారు కాదు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. "మనం తప్పు రాశామని మనమే ఎలా రాస్తామమ్మా?" అన్నారు.

"మనం కాదు సార్. నేను."

జూలై 31, సోమవారం

సంతకం పెట్టలేదు. కొత్త నివేదిక ఇచ్చాను. ఏడో పేజీలో చెరిపిన వాక్యం మళ్ళీ రాశాను, ఈసారి పెన్నుతో, వాడి హోదాతో సహా. పెద్దసారు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు.

చిన్నది 2.8. పెద్దది 5.1. చినుకులు.

ఆగస్టు 2, బుధవారం

3.5. మధ్యాహ్నం నుంచి కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి. ఏ వైపు కిటికీలో చూడటానికి లేచాను. పడమటి వైపువి.

ఆగస్టు 3, గురువారం

ఆరింటికి ఫోను.

"నాలుగు పాయింట్ నాలుగు."

మేడమ్ అనలేదు. పెట్టెయ్యలేదు. ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక నది.

"అక్కా. పిల్లని ఇవాళ బడికి పంపాలా?"

 పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నూటికి నలభై రా."

"అంటే?"

"అంటే పంపకు. ఎవర్నీ పంపనివ్వను."

"సరే" అని పెట్టేశాడు.

సైరన్ తాళం నా సొరుగులోనే ఉంటుంది, అనుమతి పెద్దసారు దగ్గర ఉంటుంది. ఆరున్నరకి మోగించాను. బడి హెడ్‌ టీచరమ్మకి ఫోను చేసి గేటు తెరవొద్దన్నాను. దిగువ వీధిలో ఇళ్ళు ఖాళీ చేయించమని పోలీసులకి చెప్పాను. ఎవరి ఆర్డరు అని అడిగారు. నాది అన్నాను.

ఎనిమిదింటికి పెద్దసారు వచ్చేసరికి వాన వెలిసింది. ఎండ కూడా కాసింది. పెద్దది 6.0.

పదింటికి 6.2. పిల్లల్ని చంకనేసుకుని తల్లిదండ్రులు ఆఫీసు ముందు నిలబడ్డారు. ఒకాయన నాకు వినబడేలా, "ఎండలో వరదొస్తుందట" అన్నాడు. అందరూ నవ్వారు.

పన్నెండింటికి 6.3. పెద్దసారు గుమాస్తా చేత మెమో టైపు చేయించారు. పేరు దగ్గర నా పేరు.

నూటికి నలభై అంటే నూటికి అరవై రాదనే కదా. రాకపోయినా నేను చేసింది తప్పు కాదు, లెక్క తప్పు కాదు. ఒంటిగంటకి ఇది పది సార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ నమ్మకం కుదరలేదు. నీళ్ళు రావాలని కోరుకుంటున్నానా అని ఒక్క క్షణం అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒకటి నలభైకి 6.9.

రెండుంబావుకి 7.3. ఆఫీసు ముందు నవ్విన ఆయన సంచి పట్టుకుని పరిగెత్తడం చూశాను.

మూడింటికి 7.8.

గట్టు మీది రోడ్డు నుంచి చూశాం, పెద్దసారూ నేనూ. చప్పుడు లేకుండా వచ్చింది. ఎర్రటి నీళ్ళు మైదానం మీద పరుచుకుని, బడి మెట్లెక్కి, తలుపుల కింద నుంచి లోపలికి వెళ్ళాయి. ఒకటో తరగతి కిటికీ ఊచల దాకా వచ్చి ఆగాయి. లోపల బెంచీలు తేలుతున్నాయి, మెల్లగా ఒకదానికొకటి తగులుతున్నాయి. గురువారం, మూడు గంటలు. వాటి మీద మూడు వందల మంది కూర్చుని ఉండాల్సిన వేళ.

పెద్దసారు జేబులోంచి మెమో తీసి నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. కొత్త నివేదిక సొరుగు తాళం నా చేతికిచ్చారు.

ఏడుపొచ్చింది. గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. అంత నీటిని చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియదు.

ఆగస్టు 4, శుక్రవారం

నిద్రపోయాను.

ఆగస్టు 6, ఆదివారం

వాళ్ళు వచ్చారు. ముందు పిల్ల, వెనక వాడు, చేతిలో ఖాళీ బియ్యం సంచి.

"పుస్తకాలు తీసుకెళ్దామని" అన్నాడు.

"పొడిగానే ఉన్నాయి" అన్నాను.

ఆయన లోపల్నుంచి, "ఉత్తరాలు రాసుకోకుండా నోటితోనే మాట్లాడుకుంటున్నారే" అన్నాడు. వాడు నవ్వాపుకోవడం చూశాను. చిన్నప్పుడు కూడా అంతే, నవ్వొస్తే చెవి గోక్కుంటాడు.

పళ్ళెం చూపించాను. వాడు వంగి చాలాసేపు చూశాడు. ఏ అంచు ఏమిటో చెప్పబోయాను, అవసరం లేకపోయింది. వేలు గింజలకి తగలకుండా గాల్లోనే ఉంచి, ఆ గట్టు వెంట కింది నుంచి పై మూల దాకా గీశాడు.

"ఇది గాలి అక్కా. పడమటి గాలి. దీనికి ఒంపు కూడా ఉంది, చూడు. ఇరవై రెండేళ్ళు మొహాన కొడుతుంటే తెలిసింది గానీ, ఇలా ఉంటుందని తెలీదు."

నాకు గింజలు కనిపించాయి. సాంద్రత కనిపించింది. గాలి కనిపించలేదు, వాడు చెప్పేదాకా. రెండు నదుల వెనకా నిలబడి రెండింటినీ ఒకేసారి లేపేది అదే. అది నా ఏ రిజిస్టర్లోనూ లేదు. వాడి పుస్తకాల్లో రోజూ ఉంది.

గురువారం గింజ ఇంకా వెయ్యలేదు. వాడి కోసమే ఉంచాను. వాడు పిల్ల చేతికిచ్చాడు. నాలుగు పాయింట్ నాలుగు దగ్గర ఒక స్కేలు, ఏడు పాయింట్ ఎనిమిది దగ్గర ఒక స్కేలు పెట్టి పట్టుకున్నాం, చెరో వైపు నేనూ వాడూ. రెండు స్కేళ్ళూ కలిసిన చోట పిల్ల గింజ పెట్టింది. గట్టు కొన దాటి ఇంకాస్త అవతల.

"ఇక్కడ ఇంకెవరూ లేరు" అంది.

"ఉండరు. సరిగ్గా ఆ చుక్క మీదే పడే అవకాశం సున్నా. ఏ చుక్క మీదైనా అంతే. చుట్టూ కాస్త చోటు తీసుకుంటేనే దానికి బరువు."

ఊడిన పళ్ళ సందులోంచి నాలుక పెట్టి ఆలోచించింది. "మరి పడింది కదా అత్తా."

పడింది. రెండు వేల ఆరువందల నలభై ఒక్కటీ అలా పడినవే. ఒక్కోదానికీ సున్నా, అయినా అన్నీ కలిస్తే ఒకటి. ఇరవై ఏళ్ళుగా తెలిసిన సంగతే. అత్తా అని పిలిచిందని తర్వాత గుర్తొచ్చింది.

వెళ్ళేటప్పుడు పుస్తకాల సంచి ఎత్తబోయి ఆగాడు. "ఇక్కడే ఉండనీ. తేదీలు అవసరం పడతాయేమో" అన్నాడు.

ఆగస్టు 7, సోమవారం

చిన్నది 3.1. పెద్దది 5.6. అంకె చెప్పాడు. చెప్పాల్సింది ఇంకేమీ లేదు. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.